పైన ఏం కనిపించాలి?

మా పిన్ని తన మొగుడి మణికట్టును తలుపు సందులో పెట్టి విరగ్గొట్టింది. ఈ సంగతి చుట్టాలు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. పిన్ని మాత్రం ఫలానా చోట ఉద్యోగం చేస్తున్నానని చెప్పినంత మామూలుగా చెబుతుంది. "వాడు చెయ్యెత్తుకుని వచ్చాడు, నేను తలుపేసుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సింది వాడే కదా?" అని నవ్వుతుంది. నవ్వితే పై వరసలో సగం విరిగిన పన్ను కనిపిస్తుంది. అది మా బాబాయి చలవ.

తలుపేసిన ఆ రోజే, ఇంక దెబ్బ తిని ఊరుకోనని ఒట్టు పెట్టుకుంది. నిలబెట్టుకుంది కూడా. బస్సులో నడుం మీద చెయ్యేసినవాడి వేలు వెనక్కి విరిచింది. మెట్ల దగ్గర నన్ను ఆపి వెకిలిగా మాట్లాడిన పక్కింటివాడి స్కూటరును కాలవలోకి తోసేసింది. మిగతావాళ్ళకి కోపం ముక్కు మీద ఉంటుంది, మా పిన్నికి నేరుగా చేతిలోనే ఉంటుంది. నాకు ఆమె పోలికే వచ్చిందని మా అమ్మకి బెంగ. నాకేం బెంగ లేదు. పిన్ని దగ్గరే ఉంటాను, ఆమె పనిచేసే చోటే పనిచేస్తాను.

ఆ చోటు టైర్ల షాపు పైన ఒక పొడుగాటి గది. కింద పొద్దస్తమానం చక్రాల మీద సుత్తి పడుతూనే ఉంటుంది, పైన మా బల్లల మీద టీ గ్లాసులు వణుకుతూనే ఉంటాయి. ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్ మా దగ్గరికి పరాయి భాషలో వస్తుంది. దాన్ని మన భాషలోకి, మన వాడుకలోకి తెచ్చి పంపడం మా పని. దీనికి లోకలైజేషన్ అని పేరు. బట్టలు కుట్టడం లాంటిదే ఇదీ, కాకపోతే తొడుక్కునే మనిషి మన ఎదురుగా నిలబడదు. రాసేది పిన్ని, సరిగ్గా ఉందో లేదో ఫోన్లలో తెరిచి చూసేది నేను.

పిన్నికి పరాయి భాష మీద పగ ఉంది. తలుపు సంగతి జరగడానికి చాలా ముందు, ఒక సాయంత్రం బాబాయి తలుపుకి గొళ్ళెం పెట్టి మరీ కొట్టాడు. మూతి పగిలి నెత్తురు కారుతుంటే స్నానాల గదిలో దూరి సహాయం చేసేవాళ్ళ నంబరుకి ఫోన్ చేసింది. అవతల యంత్రం ఏదో అర్థం కాని భాషలో ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెబుతూ పోయింది. పిన్ని తోచిన అంకె నొక్కింది. పాట వచ్చింది. ఆ పాట వినబడుతుండగానే బాబాయి తలుపు తన్ని లోపలికొచ్చాడు. "ఆ పాట నాకు ఇప్పటికీ రాగంతో సహా వచ్చు" అంటుంది. అప్పుడు మాత్రం నవ్వదు.

అందుకే ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం ఒక ఆసరా కేంద్రం నడిపే యాప్ మా చేతికొచ్చినప్పుడు పిన్ని ఊగిపోయింది. అందులో కింద ఒక ఎర్ర గుండ్రం ఉంటుంది. నొక్కితే కేంద్రానికి కబురు వెళ్తుంది. వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వస్తుంది, అవసరమైతే జీపు వస్తుంది. అన్నీ ఉన్నాయి, భాషే మనది కాదు.

మా ఓనరు మంచివాడే, తొందరెక్కువ. మమ్మల్ని కూర్చోబెట్టి, "మేడమ్, రెండు దార్లున్నాయి" అన్నాడు. "ఒకటి, ఫోను ఏ భాషలో ఉంటే యాపు తనంతట తాను ఆ భాషలోకి మారిపోతుంది. లోపల మాటలూ, పైన వచ్చే మెసేజిలూ, సర్వం. రెండోది, యాపు తెరవగానే నీకు ఏ భాష కావాలని ఆ మనిషినే అడుగుతుంది. దానికి కొత్త స్క్రీన్లు కావాలి, ఆలస్యమవుతుంది."

"అడగడమేంటి?" పిన్ని బల్ల మీద గుద్దింది. "మన భాష మనకి పెట్టడానికి మళ్ళీ మనల్నే అడగాలా? మొదటిదే. సర్వం మార్చి పారేద్దాం."

"పిన్నీ, ఫోను మూసి ఉన్నా పైన మెసేజి కనిపిస్తుంది. అది మన భాషలో ఉంటే పక్కనున్నవాడు కూడా చదువుతాడు కదా?" అన్నాను.

స్టేప్లరు నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలింది. "చదవనియ్యవే! సిగ్గుపడాల్సింది వాడా, ఆవిడా?" అని అరిచింది. ఓనరు స్టేప్లరు ఏరి బల్ల మీద పెట్టి, "అయితే మొదటిదే" అన్నాడు. అలా తేలిపోయింది.

టైర్ల షాపు పక్కనే ఒక చిన్న కొట్టులో దర్జీ ఉంటుంది. నా కన్నా కొంచెం పెద్దదేమో. ఆమె మొగుడు ట్యాంకరు డ్రైవరు. అతను ఇంటికొచ్చిన మర్నాడు ఆమె మెడ చుట్టూ గుడ్డ చుట్టుకుని కుట్టేది. పాత యాపు ఆమె ఫోన్లో ముందే ఉందని పిన్నికి తెలుసు. మన భాషలోకి మార్చింది చూపిద్దామని పని మధ్యలో కిందికి వెళ్ళింది, వెంట నేను.

ఆమె చూసింది. చదివింది. మొహం వెలగలేదు.

"బాగుందక్కా. నా ఫోన్లో మాత్రం పాతదే ఉండనివ్వండి."

"ఎందుకే? నొక్కడానికి ఎర్ర గుండ్రం, కబురు అందితే పచ్చ గుర్తు అంటూ బొమ్మలు చూసుకుని ఎన్నాళ్ళు బతుకుతావు? వాళ్ళేం రాశారో నీకు తెలియొద్దా?"

"ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా ఫోను ఆయన చేతిలోనే ఉంటుందక్కా. మన భాషలో ఏ ముక్కొచ్చినా వదలడు, సబ్బుల ప్రకటన కూడా చదువుతాడు. ఇది మాత్రం అర్థం కాదు. ఏదో కంపెనీ గోల అనుకుని తోసేస్తాడు. నాకూ అర్థం కాదు, అయితేనేం? కేంద్రంలో నాకు చోటు దొరికేదాకా అదే నాకు గోడ."

"గోడా లేదు గాడిద గుడ్డూ లేదు. ఇలా నక్కి నక్కి బతికితే వాడింకా ఎక్కుతాడు. నీ మంచికే చెప్తున్నాను, నోరు మూసుకో."

దర్జీ నోరు మూసుకుంది. తల వంచి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమెకి నోరు మూసుకోవడం బాగా అలవాటు, కాబట్టి పిన్నికి అది ఒప్పుకున్నట్టే కనిపించింది.

కొత్త యాపు బయటికెళ్ళింది. ఎవరి ఫోన్లో వాళ్ళకి తనంతట తానే మారిపోయింది. కేంద్రం వాళ్ళు పొంగిపోయారు. ఎన్నడూ అడగనివాళ్ళు కూడా సహాయం అడుగుతున్నారని కబురు పంపారు. పిన్ని నా నుదుటి మీద ముద్దు పెట్టింది. నాకు భయమేసింది, ఆమె అలాంటి మనిషి కాదు.

ఒక మధ్యాహ్నం టీ కోసం కిందికి దిగాను. దర్జీ కొట్టు షట్టరు సగం దింపి ఉంది. సుత్తి మోతలో లోపలి మాటలు వినిపించలేదు. వంగి చూశాను.

డ్రైవరు ఎడమ చేత్తో ఆమె చెయ్యిని కత్తిరింపుల బల్ల మీద అదిమి పెట్టాడు. ఫోను ఆమె మొహం ముందు నిలబెట్టి ఉంది. అతని కుడి చేతిలో ఇస్త్రీపెట్టె, పాతకాలపు బరువైనది.

"'మీ మెసేజి అందింది. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి రేపు పొద్దున మా మనిషి వస్తుంది.' ఎక్కడికే? ఎవడి దగ్గరికే?" అంటూ పెట్టె ఎత్తి ఆమె వేళ్ళ మీద దించాడు. మళ్ళీ ఎత్తాడు. "నీ మంచికే కదే చెప్పింది, బుద్ధిగా ఉండమని! నీ మంచికే!" మాటకో దెబ్బ వేశాడు. ఎముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. సుత్తి మోతలోనూ విన్నాను. ఆమె అరవలేదు, నోరు తెరిచి ఉంది గానీ చప్పుడు రాలేదు. అరిచింది నేను.

పిన్ని మెట్లు ఎలా దిగిందో నాకు తెలియదు. టైర్ల షాపులోంచి టైరు ఊడదీసే ఇనప లీవరు లాక్కుని షట్టరు కిందనుంచి దూరింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది దవడ మీద. పళ్ళు నేల మీద పడ్డాయి. వాడు కింద పడ్డాక కూడా ఆగలేదు. డొక్కలో, వీపు మీద, మోకాలి మీద కొడుతూనే ఉంది. నెత్తురు చిమ్మి గోడకి తగిలించిన పిల్లల గౌను మీద పడింది. టైర్ల షాపువాళ్ళు ఇద్దరు ఆమెని నడుం పట్టుకుని ఈడ్చుకొస్తే గానీ లీవరు వదల్లేదు. చూస్తున్న నాకు ఒక్క దెబ్బ కూడా ఎక్కువనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

పోలీసులకి మాత్రం అనిపించింది. వాళ్ళ కళ్ళకి వాడి గాయాలే పెద్దవి. మొగుడూ పెళ్ళాల గొడవలో పైనుంచి ఒకత్తి వచ్చి మనిషిని చితకబాదిందని కేసు తిరగబడింది. పిన్ని స్టేషన్లో కూర్చుంది. వాడు దవడకి కట్టు కట్టించుకుని ఆసుపత్రి నుంచి సరాసరి ఇంటికెళ్ళాడు.

పిన్ని బయటికి రాగానే దర్జీని చూడ్డానికి వెళ్ళాం. ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. "వాణ్ణి వదలనే. ఈసారి చిక్కితే చంపేస్తాను" అంది పిన్ని మంచం పట్టె పట్టుకుని.

దర్జీ కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది.

"పెట్టె ఎత్తినప్పుడల్లా వాడు ఒకటే మాట అన్నాడక్కా, నీ మంచికే అని. నువ్వూ అదే అన్నావు."

పిన్ని మంచం పట్టె వదిలేసింది.

"గోడ తియ్యొద్దన్నాను, తీశావు. వాణ్ణి అంతలా కొట్టకపోతే ఇవాళ వాడు లోపల ఉండేవాడు. అదీ నన్ను అడగలేదు. నా చెయ్యి ఇలా ఉంది, వాడు బయట ఉన్నాడు. నన్ను ఎవరూ ఏమీ అడగరేంటక్కా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పరిగెత్తుకొచ్చి ప్రాణం కాపాడిన మనిషిని పట్టుకుని అనే మాటలా ఇవి? నాలుగు అంటించేద్దామని ముందుకొచ్చాను. పిన్ని నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

తిరిగొస్తూ దారిలో అడిగింది. "ఆ ఫోన్లో భాష పెట్టిందెవరో తెలుసా? ఫోను కొన్నరోజున వాడే పెట్టాడట. ఫోను చెప్పినట్టు వినమని యాపుకి మనం చెప్పాం. అంటే వాడు చెప్పినట్టు వినమన్నామే. ప్రతి ఇంట్లోనూ." నా చెవి పక్కనుంచి పోయిన స్టేప్లరు గురించి నేను గుర్తు చెయ్యలేదు.

మర్నాడు ఆఫీసులో యుద్ధం జరిగింది. పాతదానికే వెనక్కి పోదామా అంటే కుదరదు. మన భాష వచ్చాకే నోరు విప్పినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని మళ్ళీ ఆ పాట ముందు కూర్చోబెట్టలేం. పిన్ని రెండో దారి పట్టింది. యాపు తెరవగానే అడగాలి, అదీ రెండు ప్రశ్నలు. లోపల ఏ భాష కావాలి? ఫోను పైన ఏం కనిపించాలి? పైన మన భాషైనా పెట్టుకోవచ్చు, పరాయి భాషైనా పెట్టుకోవచ్చు, అసలేమీ వద్దనైనా అనవచ్చు.

"మేడమ్, అయిన పనిని మళ్ళీ మొదటికి తెస్తే ఎలా? ప్రశ్నలెక్కువైతే జనం విసుక్కుంటారు. ఎక్కడో ఒక్క మనిషికి ఇలా జరిగిందని..." అన్నాడు ఓనరు.

పిన్ని తన బల్ల మీది కంప్యూటరు తెరని రెండు చేతులా పైకెత్తి నేలకేసి కొట్టింది. గాజు ఓనరు బూట్ల దాకా వచ్చింది. "ఆ ఒక్క మనిషికి ఉన్నది ఒక్కటే ప్రాణం! నీ బల్లా పగలగొట్టనా, ప్రశ్న పెడతావా?"

ఓనరు ప్రశ్న పెట్టాడు.

ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ పిన్ని కేంద్రానికి వెళ్ళి కూర్చునేది. ఎదుటివాళ్ళు వాక్యం పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పే మనిషి, పెదవి కొరుక్కుంటూ వినేది. ఒకామె ఫోను అత్తగారి చేతిలో ఉంటుంది, ఒకామెది కొడుకు చేతిలో. ఒకామెకి మన భాషే పైన కావాలి, మొగుడు చదివి హడలిపోవాలట. "దానికి దమ్ముంది, పెట్టనియ్యి. దాని ఇష్టం కదా" అని పిన్ని మురిసిపోయింది.

దర్జీ కేంద్రంలోకి మారింది. కట్టు విప్పాక పగటిపూట మళ్ళీ కొట్టు తెరిచింది. కుడి చేతి వేళ్ళు మడత పడవు, ఎడమ చేత్తో గుడ్డ తోస్తుంది. డ్రైవరు వీధి చివర నిలబడి ఆమెని చూసి పోతున్నాడు. అర్థం కాని భాషని ఇప్పుడు ఫోనే చదివి పెడుతుందని, తనని ఇంకెవరూ మోసం చెయ్యలేరని టైర్ల షాపులో చెప్పి మరీ వెళ్ళాడు.

పిన్ని కొత్త యాపు పట్టుకుని కిందికి దిగింది. కొట్టు గడప బయట ఆగి, "లోపలికి రానా?" అని అడిగింది. నేను నా చెవులని నమ్మలేదు. దర్జీ స్టూలు జరిపింది.

మొదటి ప్రశ్నకి మన భాష పెట్టుకుంది. రెండో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. పిన్ని గోళ్ళు అరచేతిలో దిగబడుతున్నాయి గానీ నోరు విప్పలేదు. చివరికి దర్జీ ఎడమ బొటనవేలితో 'ఏమీ వద్దు' నొక్కింది. తర్వాత, అప్పటిదాకా తీరిగ్గా చదవడానికి వీలుపడని పాత మెసేజిలన్నీ తెరిచి ఒక్కొక్కటే చదువుకుంది. "వీళ్ళు ఇన్నాళ్ళూ నాకు ఇంత మర్యాదగా రాసేవాళ్ళా అక్కా?" అంది. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

వాడు వస్తాడని మా ముగ్గురికీ తెలుసు. ఒకరోజు పొద్దున్నే, రోడ్డుకి అవతల ట్యాంకరు ఆగింది. దర్జీ ఎర్ర గుండ్రం నొక్కింది. వాడు రోడ్డు దాటి లోపలికొచ్చి ఫోను లాక్కున్నాడు.

"ఎవర్ని పిలిచావే?"

"ఎవర్నీ పిలవలేదు."

వాడు ఫోను వంక చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఊపాడు. పైన ఏమీ లేదు. గడియారం తప్ప ఏమీ లేదు. చదవడానికి ఒక్క ముక్క దొరక్క వాడికి పిచ్చెక్కినట్టయింది. ఫోను ఆమె మొహాన విసిరి కొట్టాడు. కనుబొమ చిట్లింది. జుట్టు పట్టుకుని తల మిషను వైపు వంచాడు.

పైనుంచి ట్యాంకరు చూసి మేం అప్పటికే మెట్ల మీద ఉన్నాం. పిన్ని లీవరు అందుకుంది, లోపలికి దూకింది, రెండు చేతులా పైకెత్తింది. వాడి బుర్ర సరిగ్గా కింద ఉంది. ఒక్క దెబ్బకి అయిపోయేది. ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఏం చెయ్యమంటావే?" అని అరిచింది పిన్ని. వాడితో కాదు, ఆమెతో.

"కొట్టొద్దక్కా!" జుట్టు వాడి పిడికిట్లో ఉండగానే దర్జీ అంది. "వీడి ఒంటి మీద గీత పడకూడదు. వాళ్ళొచ్చేదాకా పట్టుకో. అంతే!"

లీవరు నేల మీద పడింది. పిన్ని వెనకనుంచి వాణ్ణి రెండు చేతులా చుట్టేసింది. నేను కాళ్ళకి అడ్డంపడి మోకాళ్ళు పట్టుకున్నాను. జుట్టు వదిలేసి వాడు పిన్ని మీద పడ్డాడు. మోచేత్తో డొక్కలో పొడిచాడు. తల వెనక్కి విసిరి ముక్కు పగలగొట్టాడు. ముంజేతిని కొరికి కండ పీకాడు. నన్ను బూటుకాలితో తన్నాడు. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను గానీ చెయ్యెత్తలేదు. పిన్ని తిట్టను కూడా లేదు. దెబ్బ తిని ఊరుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషి పడ్డ దెబ్బ పడ్డట్టే తిన్నది. చుట్టిన చేతులు మాత్రం వదల్లేదు. వాడు మళ్ళీ తల విసిరాడు. ఆ సగం పన్ను ఊడి కింద పడింది.

దూరంగా జీపు హారన్ వినిపించింది. వాడు ఇంకా గింజుకుంటున్నాడు. నెత్తురు నిండిన నోటితో పిన్ని తల తిప్పి దర్జీని చూసింది.

"ఇంకా పట్టుకోనా?" అని అడిగింది.

"పట్టుకో అక్కా" అంది దర్జీ.

పట్టుకుంది.